రేవు గట్టున పదకొండు మొక్కలు

ఆ రోజు మా అత్తయ్యకీ నాకూ గొడవ వచ్చింది మొలకెత్తిన కొబ్బరికాయల మీద. వంటింటి వెనక, పిండిన కర్రపెండలం పిండి ఆరబెట్టే తడికల పక్కన, నేను వరసగా పేర్చి పెట్టిన కాయలవి. కొండవైపు తోట హద్దులో నాటిద్దామని ఉంచాను. వాటి మీదకి కోళ్ళెక్కి, అక్కడి నుంచి తడికల మీదకి దూకి పిండిలో కాళ్ళు పెడుతున్నాయి. తీసేయమని అత్తయ్య నాలుగు రోజులుగా చెబుతోంది. నేను రేపు, రేపు అంటున్నాను.

"మీ పుట్టిల్లు అంబోన్‌లో రేపంటే ఎన్నాళ్ళే?" అంది అయిదో రోజు పొద్దున.

తడికలు ఇంకోచోట వేసుకోవచ్చు కదా, పెరడంతా ఖాళీయేగా అన్నాను. నలభై ఏళ్ళుగా అక్కడే ఎండ పడుతోందనీ, కాలేజీ చదివినవాళ్ళ కోసం సూర్యుడు చోటు మార్చుకోడనీ అంది. నేను చేతిలో ఉన్న చేట కాస్త గట్టిగానే కింద పెట్టాను. ఆవిడ బుట్ట వీపున తగిలించుకుని, పొద్దుటి రొట్టె ముట్టుకోకుండా తోటకి వెళ్ళిపోయింది.

అంతే గొడవ. ఇలాంటివి నెలకి రెండొచ్చేవి, సాయంత్రానికి చల్లారేవి. ఇది చల్లారలేదని నాకు తెలియడానికి రెండున్నరేళ్ళు పట్టింది.

ఆవిడ వెళ్ళిన గంటకి సుగియర్తో వచ్చాడు. మా అఖాతంలో ముత్యపు చిప్పలు పెంచే తెప్పలు వేసిన కంపెనీ మనిషి. రేవు చివర రేకుల షెడ్డులో ఉండేవాడు. మంచివాడే. అతనికి జ్వరం వచ్చినప్పుడు చేపల పులుసు పంపింది నేనే. ఆ రోజు మంచినీళ్ళకని వచ్చి, మొలకలు చూసి ఆగాడు. షెడ్డు ముందు నీడ లేదమ్మా, నాలుగు మొక్కలిస్తే గట్టున పెట్టుకుంటాను అన్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా తాయన్ దీవిలో ఎవరిని నిద్ర లేపి అడిగినా చెప్పే మాట: "తినే కాయ వందివ్వు, మొలిచిన కాయ ఒకటివ్వకు." వచ్చినవాడు అరటి వేసుకోవచ్చు, పెండలం వేసుకోవచ్చు. అవి ఏడాదికి పోతాయి. కొబ్బరి మనిషికంటే ఎక్కువ కాలం బతుకుతుంది. దాని కింది నేల నాటినవాడికి అలవాటు పడిపోతుంది, తర్వాత వాడి కొడుక్కి. అందుకే పరాయివాడికి మొలకనివ్వడమంటే నేలనివ్వడం. పెళ్ళై వచ్చిన వారంలోనే అత్తయ్య నాకిది చెప్పింది. విన్నాను. తల ఊపాను. ముసలివాళ్ళ చాదస్తమనుకున్నాను. మా నాన్న అంబోన్‌లో బడిపంతులు. ప్రతి దానికీ కారణం అడగమని నేర్పాడు. కారణం చెప్పాక నమ్మమని నేర్పలేదు.

నాలుగు కాదు, మొత్తం తీసుకెళ్ళండి అన్నాను. అతను తోపుడు బండి తెచ్చాడు. పదకొండు మొలకలూ నా చేతులతోనే బండిలో పెట్టాను. అతను జేబులో చెయ్యి పెడితే నవ్వి వద్దన్నాను.

మధ్యాహ్నం అత్తయ్య వచ్చి ఖాళీ చోటు చూసింది. ఏం చేశావంది. సముద్రంలో పారేశానన్నాను. ఆవిడ ఆ చోటు ఊడ్చి, ఇంకో తడిక వేసుకుంది. ఇద్దరం కలిసి భోంచేశాం.

*

రేవంటే మాకేమిటో ఇలా చెబితే మీకు తొందరగా అర్థమవుతుంది. మీ ఊళ్ళోంచి బయటికి వెళ్ళే దారి ఒక్కటే ఉందనుకోండి. మా దీవి చుట్టూ పగడపు దిబ్బ, పళ్ళచక్రంలా. ఒక్కచోటే అది విరిగి ఉంది. ఆ సందులోంచే పడవ లోపలికొస్తుంది. పడమటి గాలి కాలంలో, ఆ నాలుగు నెలలూ, ఇంకెక్కడా పడవ ఆనదు. ఎండుకొబ్బరి అక్కడి నుంచే వెళ్ళాలి, చేప అక్కడికే రావాలి. పట్నం ఆసుపత్రికి వెళ్ళే గర్భిణీ, హాస్టలుకి వెళ్ళే పిల్లలూ, అక్కడ చనిపోయి పెట్టెలో తిరిగొచ్చేవాళ్ళూ అందరూ ఆ ఇసక మీదుగా పోవాల్సిందే.

రేవుకి యజమాని లేడు. మా ఊళ్ళో రెండు వీధులు. పైవీధిలో మా ఇళ్ళు. మాకు తోటలున్నాయి, కొండ మీద పోడు ఉంది, ఎవరి చెట్టు ఎవరిదో తాతల నాటి నుంచి లెక్క ఉంది. రేవువీధి వాళ్ళకి సెంటు నేల లేదు. వాళ్ళ ముత్తాతలు మా ముత్తాతల ఇళ్ళలో ఊడిగం చేశారు. ఆ మాట ఇప్పుడెవరూ పైకి అనరు కాని, పెళ్ళిలో ఎవరెక్కడ కూర్చోవాలో అందరికీ తెలుసు. వాళ్ళకున్నది పడవ, వల, ఆ రేవు. అదీ అందరిది గనక వాళ్ళది.

రెండున్నరేళ్ళకి సుగియర్తోని ఇంకో దీవికి మార్చారు. అతని చోట వచ్చిన మేనేజరు రాగానే రేవు చుట్టూ కంచె వేయించాడు. ఇనప తీగ, సిమెంటు స్తంభాలు, ఒక గేటు. అడిగితే కాగితం చూపించాడు. కంపెనీ సాగులో ఉన్న భూమి అని అందులో ఉంది. రుజువుగా ఒక ఫోటో. నడుమెత్తు పెరిగిన కొబ్బరి మొక్కలు, గట్టు పొడవునా, చక్కగా వరసలో. ఊరివారు ఇవ్వగా నాటినవి అని కింద రాసి ఉంది. పట్నం నుంచి భూమి ఆఫీసువాళ్ళు కొలతకి వచ్చి మొక్కలు చూసి సంతకం పెడితే పని పూర్తవుతుంది.

ఆ కాగితం ఊరికి చదివి వినిపించింది నేనే. చదువుకున్నదాన్నని పిలిచారు. చదువుతూ మొక్కలు లెక్కపెట్టాను. పదకొండూ బతికాయి.

కంచె పడ్డ మూడో రోజున నేను రేవు పైన గట్టు మీద ఉన్నాను. పడమటి గాలి అప్పుడే మొదలైంది. రేవువీధి యుస్తీనా పడవ సందులోంచి లోపలికొస్తోంది. యుస్తీనా మొగుడు పోయాక తనే చుక్కాని పట్టుకుంటోంది. పడవలో వాళ్ళ నాన్న మికేల్ మామ, రెండు గంపల చేపలు. ఇసక ఇంకా పది గజాలుందనగా గేటు దగ్గరి కాపలావాడు నీళ్ళలోకి దిగి పొడుగాటి గెడతో పడవ ముక్కుని పక్కకి నెట్టాడు. ఉత్తరం వైపు వెళ్ళమన్నాడు. ఉత్తరాన దిబ్బ తప్ప ఏమీ లేదు. ఆ కాపలావాడు లంబర్త్, నా మరిది. కంచెతో పాటే వచ్చిన ఉద్యోగం.

యుస్తీనా అరవలేదు. "గెడ సరిగ్గా పట్టుకో తమ్ముడూ, జారి నీళ్ళలో పడతావు," అంది. పడవ తిప్పుకుని వెళ్ళిపోయింది.

ఉత్తరాన అల పడవని దిబ్బ మీదకి ఎత్తి కొట్టింది. అడుగు చెక్క చీలింది. మికేల్ మామ కాలు పడవకీ రాయికీ మధ్య నలిగింది. చేపలు నీళ్ళపాలు. ముసలాయన్ని తలుపు చెక్క మీద పడుకోబెట్టి రేవువీధి వాళ్ళు మోసుకొస్తుంటే నేను దారి పక్కకి తప్పుకున్నాను. ఆయన నన్ను చూసి, ఆ నొప్పిలోనే, పైవీధి కోడలికి చెయ్యాల్సిన నమస్కారం చేశాడు.

*

ఆదివారం ప్రార్థన అయ్యాక గుడి పక్క హాల్లో ఊరంతా కూర్చుంది. మధ్యలో మా నేలపెద్ద కొర్నెలిస్. ఏ నేల ఎవరిదో, ఏ తప్పుకి ఏం చెయ్యాలో చెప్పే వంశం ఆయనది. ఆయన ముందు వక్క పళ్ళెం.

వయసు కుర్రాళ్ళు మొక్కలు రాత్రికి రాత్రి నరికేద్దామన్నారు. కొర్నెలిస్ తల అడ్డంగా ఊపాడు. ఒకరు నాటిన చెట్టుని ఇంకొకరు నరికితే అది పోలీసులకి నేరం, మనకి అంతకంటే పెద్ద నేరం. పైవీధి ఒక్క ఇల్లు కూడా మీ వెనక నిలబడదు అన్నాడు. నిజమే. మా వీధివాళ్ళు తలలూపారు. కంపెనీతో తగవెందుకని వాళ్ళలో సగంమంది అప్పటికే అనుకుంటున్నారు. రేవు పోతే వాళ్ళకి ఇబ్బంది, రేవువీధికి చావు.

ఒక్క దారుంది అన్నాడు కొర్నెలిస్. "హక్కు లేనివాడు ఇచ్చింది ఇచ్చినట్టు కాదు. కాని ఆ మాట ఇచ్చినవాడే చెప్పాలి. ఇచ్చిన చెయ్యే తియ్యాలి. ఆ చెయ్యి మొక్క మీద పడ్డ క్షణం నుంచి రెండు వీధులూ దాని వెనక నిలబడాలి. నిలబడని ఇంటికి నేనింక నేలపెద్దని కాను."

వక్క పళ్ళెం తిప్పారు. పద్ధతి మీకు చెప్పాలి: చెప్పేది ఉన్నవాడు వక్క తీసుకుని నోట్లో వేసుకుంటాడు. వక్క నోట్లో ఉండగా అబద్ధం ఆడినవాడికి ఈ దీవిలో సమాధికి చోటు ఉండదు. లేనివాడు పళ్ళెం పక్కవారికి అందిస్తాడు. మొక్కలు ఎవరిచ్చారని కొర్నెలిస్ మూడుసార్లు అడిగాడు. పళ్ళెం మూడుసార్లు తిరిగింది. మూడుసార్లు నా చేతికొచ్చింది. ఇత్తడి పళ్ళెం, చల్లగా ఉంది. మూడుసార్లూ పక్కావిడకి అందించాను.

మూడోసారి మికేల్ మామ వక్క తీసుకున్నాడు. కాలు చాపుకుని గోడకి ఆనుకునే మాట్లాడాడు. రెండేళ్ళ కిందట రెండు నెలలు కంపెనీలో కూలికి వెళ్ళాననీ, ఆ మొక్కలకి నీళ్ళు పోశాననీ, తాను మాత్రం ఇవ్వలేదనీ చెప్పాడు.

"నీళ్ళు పోసినవాడికి మొక్కలెక్కడివో తెలీకుండా ఉంటుందా?" అని పైవీధి వైపు నుంచి ఒక గొంతు. ఆ గొంతు నాకు తెలుసు. పదమూడేళ్ళుగా నా పక్కన పడుకునే మనిషిది. మా ఆయన బోనిఫాస్‌కి నిజం తెలియదు. ఆయన అన్నది దురుద్దేశంతో కూడా కాదు. తప్పు కింది వీధిలో ఉంటే ఆయనకి ప్రాణం హాయిగా ఉంటుంది, అంతే. మా వీధి అంతటికీ అంతే. ఆ మాట చేతులు మారి, సాయంత్రానికి నిజమైపోయింది. మికేల్ ఇచ్చాడట, ఒప్పుకోవడం లేదట, వక్క నమిలి అబద్ధమాడాడట.

నేనెందుకు మాట్లాడలేదని మీరు అడుగుతారు. నన్ను నేనూ అడిగాను. భయం ఒకటి. అత్తయ్య మొహం ఒకటి. ఇవి కాక ఇంకొకటి ఉంది, అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. నా తప్పుని ఇంకొకరు మొయ్యడం నాకు వింతగా అనిపించలేదు. ఆ ఇంట్లో, ఆ వీధిలో, నీళ్ళూ కట్టెలూ మూటలూ అన్నీ కింది వీధి మోస్తూ ఉంటే చూస్తూ బతికాను. ఇదీ మోస్తారనుకున్నాను.

యుస్తీనా లేచి నిలబడింది. ఇచ్చినవాడు దొరికేదాకా ఊరుకుందామా, కొలతవాళ్ళు ఊరుకుంటారా అంది. సాసి కడదామంది. రేవుకి కొబ్బరి లేతాకు కట్టి మూసేద్దాం, కంపెనీ పడవైనా సరే దాటడానికి వీల్లేకుండా.

పైవీధి పెద్దాయన ఒకడు ఆమెకి గుర్తు చేశాడు: ఆకు కట్టినవాడూ దాటకూడదు. తగవు తేలేదాకా మీ పడవలు కూడా రేవులోకి రాకూడదు.

"మావి ఇప్పుడు మాత్రం వస్తున్నాయా, పెదనాన్నా?" అంది యుస్తీనా. హాలు వెనక ఆడవాళ్ళు నవ్వారు. మగవాళ్ళు కూడా ఒకరిద్దరు. "మూసేది వాడైతే మేం దొంగల్లా వెళ్ళాలి. మూసేది మేమైతే మా ఇష్టంతో ఆగుతాం. ఆకలి రెండిట్లోనూ ఒకటే. తేడా ఉందా లేదా మీరే చెప్పండి."

ఆ మధ్యాహ్నమే రేవువీధి ఆడవాళ్ళు ముప్ఫైమంది లేతాకులు అల్లి, గేటుకీ, కంచె స్తంభాలకీ, నీళ్ళలో పాతిన గుంజలకీ కట్టారు. కొర్నెలిస్ వచ్చి ముడి వేశాడు. లంబర్త్ గెడ పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. ఆకుని తెంపమని మేనేజరు చెబితే, నా చేత కాదు సార్ అన్నాడు.

*

ఆ తర్వాత పద్దెనిమిది రోజులు ఊరు ఉత్తరం వైపు నుంచి బతికింది. పోటు ఎక్కినప్పుడు పడవని దిబ్బ దాకా తెచ్చి, అక్కడ దిగి, ఇటు పదిమంది అటు పదిమంది భుజాలకెత్తుకుని, పగడపు రాళ్ళ మీదుగా ఒడ్డుకి మొయ్యాలి. మళ్ళీ వెళ్ళేటప్పుడు అలాగే. మొదటి రెండు రోజులు రేవువీధి మగవాళ్ళే మోశారు. తర్వాత ఆడవాళ్ళు. వారం తిరిగేసరికి పైవీధి నుంచి కూడా దిగారు, ఒక్కొక్కరే, ఎవరూ చూడకుండా వచ్చినట్టు. ఒక రోజు కానుపు నొప్పులొచ్చిన మా వీధి మనిషిని ఊయలలో పడుకోబెట్టి రేవువీధి వాళ్ళే దిబ్బ దాటించారు. అది చూశాక పైవీధి దాపరికం మానేసి దిగింది.

నేనూ దిగాను. అంతకు ముందు ఊరి తరఫున జిల్లాకి అర్జీ రాసిపెట్టాను. ముత్యాల్లాంటి అక్షరాలని అందరూ మెచ్చుకున్నారు. అందులో ఒక వాక్యం: "ఈ మొక్కలు ఎవరిచ్చినదీ ఊరిలో ఎవరికీ తెలియదు." రెండు వందల మంది దాని కింద వేలిముద్రలూ సంతకాలూ వేశారు. నా అబద్ధానికి రెండు వందల మంది నిజాయితీపరుల పూచీ.

పడవ మోసేటప్పుడు యుస్తీనా నా పక్కనే ఉండేది. నన్ను టీచరమ్మా అని పిలిచేది, మా నాన్న ఉద్యోగాన్ని బట్టి, కొంచెం ఎగతాళిగా.

"చదువుకున్న చేతులు కదా, బొబ్బలు తొందరగా లేస్తాయి," అంది ఒక రోజు. "ఉప్పునీళ్ళలో పెట్టు. మండుతుంది. మండితేనే తగ్గుతుంది."

పడవ దింపి ఊపిరి పీల్చుకుంటున్నప్పుడు తనే మళ్ళీ అంది: "మా నాన్న అన్నం ముట్టుకోవట్లేదు. కాలు నొప్పికి కాదు. వక్క నమిలి అబద్ధమాడాడని పిల్లలు కూడా అంటున్నారంట. ఇచ్చిందెవరో నాకక్కర్లేదు టీచరమ్మా. వాళ్ళని నేనేం చేసుకుంటాను? మా నాన్న కాదని నలుగురికీ తెలిస్తే చాలు."

నోరు తెరిచాను. అంతలో ఇంకో పడవ వచ్చింది, పట్టండి పట్టండి అని కేకలు. ఇద్దరం నీళ్ళలోకి పరిగెత్తాం. ఆ పడవ అడ్డొచ్చిందని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అది రాకపోయినా చెప్పేదాన్ని కాను.

పంతొమ్మిదో రోజు పొద్దున పట్నం నుంచి పోలీసుల ఇంజను పడవ వచ్చింది. ఎనిమిది మంది. మేనేజరు వాళ్ళని తీసుకుని గేటు దగ్గరికి వెళ్ళి, స్వయంగా ఆకు తెంపి ఇసకలో పడేశాడు. అప్పటికే ఊరంతా గట్టు మీద ఉంది. యుస్తీనా, ఇంకా నలుగురు ఆడవాళ్ళు, వెళ్ళి పోలీసు పడవ ముందు నీళ్ళలో కూర్చున్నారు. అంతే చేశారు. మెడ లోతు నీళ్ళు, మీద అలలు. లేవమన్నారు. లేవలేదు. ఒక్కొక్కరినీ ఇద్దరేసి పట్టుకుని పడవలోకి లాగారు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. యుస్తీనా జుట్టంతా విడిపోయి మొహం మీద పడి ఉంది. పడవ కదిలాక మా వైపు తిరిగి, తోట పని చెప్పినట్టు చెప్పింది: "ఆకు మళ్ళీ కట్టండి. ఈసారి రెండు వరసలు."

గట్టు మీంచి ఒక ముసలావిడ కొబ్బరి చెట్టు కిందికి వెళ్ళి, ఎక్కమని కుర్రాడికి చెయ్యి చూపించింది. మధ్యాహ్నానికి రెండు వరసలు కట్టేశారు. ఈసారి అల్లినవాళ్ళలో పైవీధి వాళ్ళు సగం. నేను కట్టిన ముడి వదులుగా ఉందని ఎవరో విప్పి మళ్ళీ వేశారు.

అయిదుగురినీ వదల్లేదు. కొలతవాళ్ళు మంగళవారం వస్తున్నారని కబురు మాత్రం వచ్చింది.

*

ఆదివారం మధ్యాహ్నం భోజనాలకి కూర్చున్నాం. పెండలం రొట్టె, పసుపు వేసిన చేపల పులుసు, సముద్రపు నాచులో కొబ్బరి కోరు కలిపిన పచ్చడి. మా ఆయన, అత్తయ్య, లంబర్త్, నేను. ప్రార్థన చదివాక మా ఆయన రొట్టె విరుస్తూ, చాలా రోజుల తర్వాత కాస్త తేలికపడిన గొంతుతో చెప్పాడు. మికేల్ ఒప్పుకున్నాడట. పొద్దున గుడి దగ్గర కొర్నెలిస్‌కి కబురు పంపాడట. రేపు ఊరందరి ముందూ వక్క నమిలి, నేనే ఇచ్చానని చెప్పి, మొక్కలు నరుకుతాడట. కాలు నిలవదు గనక కూర్చునే నరుకుతాడట.

"పోలీసులు పట్టుకెళ్తారుగా," అన్నాడు లంబర్త్.

"పట్టుకెళ్తారు. ముసలాడు, ఎన్నాళ్ళుంచుతారు? కూతురు అక్కడే ఉందిగా." మా ఆయన పులుసు వడ్డించుకున్నాడు. "మొత్తానికి నిజం బయటికొచ్చింది. ఈ మాటేదో ముందే చెప్పి ఉంటే ఇంత దాకా వచ్చేదా?"

అత్తయ్య తినడం ఆపింది. మికేల్‌ని ఆవిడకి చిన్నప్పటి నుంచి తెలుసు. వక్క నోట్లో పెట్టుకుని మొన్న కాదన్నవాడు రేపు అవునంటే రెండిట్లో ఒకటి అబద్ధం కదా, ఆ మనిషి అలా చేసేవాడు కాడే అంది. తనలో తను అనుకుంటున్నట్టుగా అంది.

అప్పుడు నాకు అర్థమైంది ఆయనేం చేస్తున్నాడో. రేవు కోసం, కూతురి కోసం, మొదటిసారి నిజంగా అబద్ధమాడబోతున్నాడు. జైలు ఆయనకి లెక్క కాదు. సమాధికి చోటు లేకుండా పోవడం లెక్క. మాలాంటి వాళ్ళెవరో నోరు మూసుకున్నారని తెలిసే, ఆ మనిషెవరో కూడా అడక్కుండా, తన చోటు వదులుకుంటున్నాడు.

"మొక్కలు నేనిచ్చాను," అన్నాను.

మా ఆయన నా వైపు చూడలేదు. విన్నది నిజం కాదేమోనన్నట్టు రొట్టె నములుతూనే ఉన్నాడు. లంబర్త్ చూశాడు.

"పదకొండు. వంటింటి వెనకవి. సుగియర్తోకి నా చేత్తో బండిలో పెట్టాను. మికేల్ మామకి ఏమీ తెలీదు."

"సముద్రంలో పారేశానన్నావు," అంది అత్తయ్య.

"అబద్ధం చెప్పాను, అత్తయ్యా."

ఆవిడ తిడుతుందనుకున్నాను. ఆ రోజు నేను వాటిని తియ్యమని సతాయించకపోతే, అని మొదలుపెట్టి ఆగిపోయింది. కాదు అత్తయ్యా, అది మీది కాదు, మీరు చెప్పిన మాట కూడా నాకు గుర్తుంది అన్నాను. ఆ తప్పులో ముక్క కూడా ఎవరికీ ఇవ్వదలచుకోలేదు.

అప్పుడు మా ఆయన మాట్లాడాడు. గొంతు పెంచలేదు. బయటివాళ్ళకి తెలియాల్సిన అవసరం లేదన్నాడు. ముసలాయన ఎలాగూ సిద్ధపడ్డాడు, పని ఎలాగూ జరుగుతుంది, రేవు వస్తుంది, అందరికీ మంచే. తర్వాత వాళ్ళింటికి ఏం చెయ్యాలో చేద్దాం. "మన ఇంటి పేరు ఒకటుంది, మర్సెలా. నేను హాల్లో అందరి ముందూ ఆయన్ని అన్నాను. ఇప్పుడు నా పెళ్ళామే అంటే నేనే మొహంతో తిరగను?"

"మన ఇంటి పేరు ఇన్నాళ్ళూ మికేల్ మామ మోశాడండీ," అన్నాను. "ఆయన కాలు విరిగి ఉంది."

లంబర్త్ తల దించుకున్నాడు. "గేటు దగ్గర నన్నే నిలబెడతారు, వదినా," అన్నాడు నెమ్మదిగా. "నిన్ను ఆపమంటారు."

నేను చేతులు కడుక్కున్నాను.

"నిలబడు. నీ పని నువ్వు చూసుకో. నేను చేసేది ఇప్పుడే చెబుతున్నాను, తర్వాత ఎవరూ తెలీదనకుండా. భోజనాలవగానే రేవువీధికి వెళ్తాను. మికేల్ మామ గుమ్మంలో నిలబడి, వీధంతా వినేలా చెబుతాను. ఆయన వక్క ముట్టుకోడు. రేపు పొద్దున హాల్లో ఆ వక్క నేను తీసుకుంటాను. ఆ తర్వాత పదకొండూ నేనే నరుకుతాను. కొలతవాళ్ళు వచ్చేసరికి అక్కడ మొదళ్ళు కూడా ఉండవు. ఇచ్చిన చేతి వెనక రెండు వీధులూ నిలబడాలని కొర్నెలిస్ అన్నప్పుడు మీరూ తలూపారు, నేను చూశాను. కాబట్టి రేపు మీరు కూడా రావాలి. పోలీసులొస్తే నీళ్ళలో కూర్చుంటాను. ఈసారి అయిదుగురే కూర్చోకూడదు."